పేర్లు మార్చుకున్న ద్రాక్షతోట

తీగల వంతెన సరిగ్గా నడిమధ్యలో తెగింది.

యువరాజు ఉదయసేనుడు అప్పటికే అవతలి గట్టును సమీపించాడు కాబట్టి, తెగిన తీగనే పట్టుకుని ఊగి, మోకాళ్ళు చెక్కుకుపోయినా సరే కొండరాతిని కరుచుకున్నాడు. వెనక వస్తున్న అతని బాల్యమిత్రుడు డిండిముడికి ఆ అదృష్టం పట్టలేదు. మంత్రిగారి ఏకైక పుత్రుడైన ఆ భారీ విగ్రహం "యువరాజా" అని ఒక్క కేక వేసి, లోయనిండా పరుచుకున్న పొగమంచులోకి దిగిపోయింది.

ఉదయసేనుడు గట్టుమీద బోర్లా పడుకుని గొంతు బొంగురుపోయేలా పిలిచాడు. జవాబు లేదు. చిన్నప్పుడు తన పళ్ళెంలో సగం తిన్నవాడు, తన తరఫున గురువుగారి దెబ్బలు మొత్తం తిన్నవాడు ఇలా చెప్పాపెట్టకుండా పోయాడంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు. రాజకుమారులు ఏడవకూడదన్న సంగతి మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి లేవబోతుంటే పక్కనున్న పొదలు కదిలాయి. ఉత్తరీయం దులుపుకుంటూ డిండిముడే పైకొచ్చాడు.

"పడుతూ పడుతూ ఉంటే ఏదో వేరు చేతికి తగిలింది యువరాజా. దాన్ని పట్టుకుని ఎక్కేశాను," అన్నాడు. ఒంటిమీద గీత కూడా లేదు.

ఉదయసేనుడు అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. సంతోషంలో ఉన్న మనిషి ఆరాలు తియ్యడు. ఆ పని మనమైనా చెయ్యొచ్చుగానీ, వాళ్ళకు అంత తీరిక లేదు.

ఎందుకు లేదంటే, కుసుమావతి నగరంలో ఇంద్రమిత్ర మహారాజు తనెవరో తాను మరిచిపోయి ఉన్నాడు. ధూమకంఠుడనే మాంత్రికుడు నిండు సభలో నిలబడి, ముక్కుల్లోంచి బూడిదరంగు పొగ వదిలి, "ఇంద్రమిత్రా, నిన్ను నువ్వు మరిచిపో" అన్నాడు. అంతే. ఆ పొగకు కళ్ళు లేవు. నోట ఏ పేరు వస్తే ఆ పేరుగల మనిషిని వెతుక్కుంటూ పోయి పట్టుకుంటుంది. మహారాజు సింహాసనం దిగి, పరిచారిక చేతిలోని వింజామర తీసుకుని, ఖాళీ సింహాసనానికి విసరడం మొదలుపెట్టాడు. పరుగున వచ్చిన కన్నకొడుకును చూసి, "ఎవరు బాబూ నువ్వు? పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?" అని అడిగాడు. ఆ మాటకు ఉదయసేనుడి గుండె చెరువైంది.

అమావాస్య దాటితే ఆ మరుపు ఇక వదలదని రాజవైద్యుడు తేల్చాడు. దానికి మందు ఒక్కటే. మబ్బుమెట్ల కొండమీద ఒకే ఒక్క కుటుంబం తరతరాలుగా తీస్తున్న ద్రాక్షాసవం. ఆ సంగతి మాంత్రికుడికీ తెలుసు. అదీ చిక్కు.

మిత్రులిద్దరూ కొండ ఎక్కసాగారు. దారి ఇరుకు కాబట్టి డిండిముడు ముందు, యువరాజు వెనక. కొంతదూరం పోయాక ఉదయసేనుడు ఠక్కున ఆగాడు. పచ్చగడ్డిలో అడుగుల ఆకారంలో మాడిన మచ్చలు. వాటినుంచి ఇంకా సన్నగా పొగ లేస్తోంది. ధూమకంఠుడు నడిచిన చోట పచ్చిక కమిలిపోతుందని రాజోద్యానంలో అతను కళ్ళారా చూశాడు.

"డిండిమా, వాడు మనకంటే ముందే ఉన్నాడు," అన్నాడు గొంతు తగ్గించి.

"ముందే ఉన్నాడు యువరాజా," అన్నాడు డిండిముడు వెనక్కి తిరక్కుండా.

మలుపు తిరగగానే తోట కనిపించింది. ఉదయసేనుడు ఉన్న కంగారంతా మరిచి నిలబడిపోయాడు. కొండ అడుగునుంచి శిఖరందాకా రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా మలిచారు. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క రంగు. కింది మెట్ల మీద తీగలు పసుపుపచ్చగా పండితే, నడిమి మెట్ల మీద కుంకుమరంగు తిరిగాయి. అన్నిటికన్నా పైమెట్టు మీద ఆకుల మధ్య నల్లటి గుత్తులు, పైన తెల్లటి బూడిదపూతతో, నీలమణులమీద ఎవరో విభూతి చల్లినట్టున్నాయి. మబ్బులు మెట్ల మధ్యనుంచి నింపాదిగా పోతూ, ప్రతి గుత్తినీ కాస్త తడిపి, మరో మెట్టుకు ఎక్కుతున్నాయి. గాలినిండా పులుపూ తీపీ కలిసిన మత్తువాసన.

గుమ్మంలో తలపాగా చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని ఒక మనిషి దగ్గుతూ నిలబడి ఉంది. ఉంది అనే అనాలి. బొగ్గుతో దిద్దుకున్న మీసం కింద ఇరవై ఏళ్ళ ఆడపిల్ల ముఖం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

"ఎవర్రా నాయనా మీరు? నా పేరు సింగన్న. ఈ ఇంటికి పెద్దని," అంది.

"సింగన్నా?" అన్నాడు ఉదయసేనుడు.

"పొంగు ఆగేదాకా. ఆ తర్వాత చెంగల్వని. సింగన్న మా తాత. ఇప్పుడు ఆయన చెంగల్వ. అదుగో, అరుగుమీద అలిగి కూర్చుంది చూడు."

అరుగుమీద బోసినోటి వృద్ధుడొకాయన పరికిణీ కట్టుకుని, ఉన్న నాలుగు వెంట్రుకల్లో పువ్వు తురుముకుని, నిజంగానే మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

యువరాజుకు తల తిరిగింది. అది చూసి ఆ పిల్లకు జాలేసినట్టుంది, తాత గొంతు పక్కనపెట్టి విడమరిచి చెప్పింది. ద్రాక్షరసం బానల్లో పులిసేటప్పుడు నేలమాళిగలో కంటికి కనిపించని ఊపిరి ఒకటి నిండుతుంది. అది పేరు పెట్టి పిలుస్తుంది. పిలుపు విని దిగినవాడు మళ్ళీ మెట్లెక్కడు. ఈ వంశంలో పూర్వం చాలామంది అలా పోయారు. అప్పటినుంచీ పొంగు మొదలైన రోజే ఇంట్లోవాళ్ళు పేర్లు మార్చుకుంటారు. పేరుతోపాటు బట్టలూ, పనులూ, దగ్గులూ, అలకలూ కూడా. సొంత పేరు ఎవరు పిలిచినా తల తిప్పరు.

"అది చెంగల్వా అని పిలిస్తే నేను పలకను, తాత పలుకుతాడు. వచ్చిందెవరో దానికి అర్థంకాక వదిలేస్తుంది. ఇంకో లాభం కూడా ఉందిలే. ఇంట్లో అందరికీ అందరి పనులూ వస్తాయి. ఆసవంలో నా చేతి గుణమనీ నీ చేతి గుణమనీ ఉండదు. నేను అన్నది ఎవరికీ లేకుండా తీస్తాం కాబట్టే అది మరుపును విరుస్తుంది. కూలివాళ్ళను అందుకే పెట్టుకోం. మార్చుకోవాలంటే ఎదుటి మనిషి లోతు తెలిసి ఉండాలి కదా."

అలా అని, గిన్నెలోని ద్రాక్షరసంలో వేలు ముంచి, వాళ్ళ పేర్లడిగి, ఇద్దరి నుదుటా బొట్టుపెట్టింది. "గడప దాటితే అతిథులకైనా ఇంతే. ఇప్పటినుంచి నువ్వు డిండిముడివి. ఆయన ఉదయసేనుడు. ఈ కొండమీద ఇచ్చిన పేరు పొంగు ఆగేదాకా ఎవరూ తియ్యలేరు."

డిండిముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొండజాతి వేషాలు," అన్నాడు. ఉదయసేనుడు మాత్రం వినయంగా తల వంచాడు. రాజ్యాలు ఏలబోయేవాడికి ఆ మాత్రం మర్యాద తెలుసు.

లోపల పెరట్లో ఇంకో జంట. పెద్ద రాతితొట్టిలో పంచె ఎగ్గట్టి, గుత్తులను కాళ్ళతో తొక్కుతూ మీసం మెలేస్తున్నది చెంగల్వ తల్లి మాచమ్మ. ఇప్పుడామె పేరు బైరన్న. అసలు బైరన్న ఆమె మొగుడు. ఆరడుగుల మనిషి చీర కట్టుకుని, కొంగు బొడ్లో దోపుకుని, బానల మూతులకు తేనెమైనం పూస్తూ, "ఏమయ్యా, నిదానంగా తొక్కు. గింజ చితికితే చేదెక్కుతుందని ఎన్నిసార్లు చెప్పాలి?" అని పెళ్ళాన్ని పెళ్ళాంలా కసురుతున్నాడు.

ఉదయసేనుడు తండ్రి సంగతంతా చెప్పాడు. తొట్టిలో కాళ్ళు ఆగాయి. అరుగుమీది అలక కూడా మానేసి తాత లేచొచ్చాడు.

చెంగల్వ నేలలో మెడదాకా పాతిన బానలను చూపించింది. "ఏ మెట్టు పండు ఆ మెట్టు బానలోనే. ఒకదాంట్లో ఒకటి కలపం. తేనె, బెల్లం, మూలిక, ఏదీ వెయ్యం. ఎండ తగలకముందు కోస్తాం, తొక్కుతాం, పాతిపెడతాం. మిగిలినదంతా కొండే చేసుకుంటుంది. మేం కాపలా కాస్తామంతే. ఇవన్నీ ఇంకా పొంగుతున్నాయి కాబట్టి పనికిరావు. ముదిరినది పైమెట్టు జాడీ ఒక్కటే మిగిలింది." కొబ్బరికాయంత జాడీ తెచ్చి చేతిలో పెట్టింది. "ఒక మనిషికి సరిపోతుంది. మైనం తీస్తే అక్కడికక్కడే తాగెయ్యాలి. గాలి తగిలి నిలవుంటే వట్టి పుల్లనీళ్ళు."

"నేను మోస్తాను యువరాజా," అంటూ డిండిముడు జాడీ అందుకుని భుజానికెత్తుకున్నాడు. తర్వాత యువరాజును ఒక మూలకు లాక్కెళ్ళి చెవిలో అన్నాడు. "అడుగుల మచ్చలు ఈ గుమ్మందాకా వచ్చాయి. బయటికి పోలేదు. ఈ నలుగురిలో ఒకడు రూపం మార్చుకున్న ధూమకంఠుడు. మనకు ఈ జాడీ ఇచ్చిన చెయ్యి ఎవరిదో తెలియకుండా మహారాజుగారి నోట్లో పోస్తారా?"

ఉదయసేనుడు జాడీవైపు చూశాడు. నిజమే. ఇది ఆసవమైతే తండ్రి తిరిగొస్తాడు. విషమైతే తన చేతులతోనే చంపుకున్నట్టు. పైగా ఎవరిని అనుమానించాలి? దొంగవేషం వేసినవాణ్ణి పట్టుకోవాలంటే మిగిలినవాళ్ళు వేషం లేకుండా ఉండాలి. ఇక్కడ పొద్దున లేచింది మొదలు అందరూ అబద్ధమే ఆడుతున్నారు, అదీ భక్తిగా.

అయినా ప్రయత్నించాడు. మొదట తొట్టి దగ్గరికి పోయి మాచమ్మను, "మీ పెళ్ళి ఎక్కడయింది?" అని అడిగాడు. ఆమె మీసం దువ్వి, తాను గుర్రమెక్కి మాచమ్మ ఊరికి ఎలా వెళ్ళిందో, అత్తవారు పెట్టిన అరిసెలు ఎంత గట్టిగా ఉన్నాయో వర్ణించింది. అదే ప్రశ్న బైరన్నను అడిగితే, అతను సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తాతను వయసెంతని అడిగితే, "ఆడపిల్లల వయసు అడుగుతారా?" అని మూతి తిప్పాడు. చెంగల్వను మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగితే, మబ్బు పట్టినప్పుడల్లా లాగుతోందని నిట్టూర్చి, మీకేమైనా తైలం తెలుసా అని ఎదురడిగింది.

కుసుమావతిలో ధర్మశాస్త్రాలు పన్నెండూ చదివాడు కానీ, ఇలాంటి సాక్షుల గురించి వాటిలో ఎక్కడా లేదు. అతనికి తన పేరు కూడా ఒక్క క్షణం తడుముకోవాల్సొచ్చింది.

"ఆ ముసలాడేనండీ. పళ్ళు లేనివాడు అంత స్పష్టంగా మాట్లాడతాడా?" అన్నాడు డిండిముడు వెనకనుంచి. కాసేపటికి, "కాదు కాదు, ఆ చీర కట్టినవాడు. చేతులు చూడండి," అన్నాడు. ఇంకాసేపటికి, "ఇంత ఆలోచన దేనికి? నలుగురినీ నరికెయ్యండి. ఒకడు ఎలాగూ వాడేగా," అన్నాడు.

ఉదయసేనుడు ఆశ్చర్యంగా చూశాడు. దోమను చంపినా అయ్యోపాపమనే డిండిముడేనా ఈ మాటంటున్నది? లోయలో పడి లేచినవాడికి మతి చెదిరిందేమో అని సరిపెట్టుకున్నాడు. కానీ పొద్దు వాలుతోంది. అమావాస్య దగ్గరపడుతోంది. కంగారు మనిషిచేత ఏ పనైనా చేయిస్తుంది. అతను కత్తి దూసి, పరికిణీలో ఉన్న తాత మెడమీద పెట్టాడు.

"నువ్వెవరో నిజం చెప్పు."

తాత కళ్ళల్లో భయం కదిలింది. అయినా, "చెంగల్వని," అన్నాడు.

"తాతా అని పిలవరాదా?" అన్నాడు ఉదయసేనుడు చెంగల్వవైపు తిరిగి. "నీ కళ్ళముందే చస్తున్నాడు. సింగన్నా అని పిలువు. పలికితే వదిలేస్తాను."

చెంగల్వ బొగ్గుమీసం మీదుగా కన్నీళ్ళు కారాయి. "పిలిచినా పలకడు బాబూ. మేం పలకం. పుట్టినప్పటినుంచీ అలవాటు చేసుకున్నాం. ప్రాణం పోయినా తల తిప్పం," అంది.

ఆ మాట చెవిన పడగానే ఉదయసేనుడికి బుర్రలో దీపం వెలిగింది. కత్తి దించాడు. పక్కనే ఇంకా రసం నింపని మనిషెత్తు ఖాళీ బాన ఒకటి ఒరిగి పడి ఉంది. దాని మూతిలో తల దూర్చి, గుండెనిండా ఊపిరి పీల్చి, "ధూమకంఠా!" అని అరిచాడు.

ఆ పిలుపు బానలో సుడి తిరిగి, గోడలకు తగిలి, నేలమాళిగలోంచి వచ్చిందా, ఆకాశంలోంచి వచ్చిందా తెలియకుండా పెరడంతా మారుమోగింది. మాచమ్మ తొక్కుతూనే ఉంది. బైరన్న మైనం పూస్తూనే ఉన్నాడు. తాత, మనవరాలు కదల్లేదు.

"ఊఁ?" అన్నారెవరో వెనకనుంచి.

ఉదయసేనుడు తిరిగి చూశాడు. భుజాన జాడీతో డిండిముడు నిలబడి ఉన్నాడు. అతని కాళ్ళకింద గడ్డి కమిలి పొగలొస్తున్నాయి.

యువరాజుకు అంతా అర్థమైంది. కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ మచ్చల వెనకాలే నడిచాడు. ముందు నడిచే మనిషి పాదాలను మాత్రం చూడలేదు.

"ఇంకాస్తలో నీ చేతే ఈ ఇల్లు తుడిచిపెట్టించేవాణ్ణి," అన్నాడు మాంత్రికుడు డిండిముడి గొంతుతోనే. "జాడీ పగలగొడితే ఇంకోటి తీస్తారు. ఈ విద్య ఈ నలుగురితో పోతే, నా పొగకు లోకంలో విరుగుడు ఉండదు."

"నా స్నేహితుణ్ణి ఏం చేశావు?"

"బతికే ఉన్నాడు. ఒకచోట దాచాను. అక్కడ పొద్దు గుంకేదాకే మనిషి ప్రాణం నిలుస్తుంది. ఆ చోటు నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీకు ఆ బెంగ కూడా ఎందుకులే, తీసేస్తాను." అతని ముక్కులు ఉబ్బాయి. బూడిదరంగు పొగ బుసలు కొడుతూ వచ్చింది. "ఉదయసేనా, నిన్ను నువ్వు మరిచిపో."

పొగ యువరాజు ముఖందాకా వచ్చి ఆగింది. నుదుట ఎండిన ద్రాక్షబొట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. ఈ కొండమీద ఇతను ఉదయసేనుడు కాడు, డిండిముడు. పొగ వెనక్కి మళ్ళి, ఆ పేరుగలవాణ్ణి వెతుక్కుంటూ, వదిలినవాడి ముక్కుల్లోకే దూరింది.

మాంత్రికుడి కళ్ళు తేలిపోయాయి. భుజంమీద ఉన్నదేమిటో తెలియక జాడీని తడిమి చూశాడు. చెంగల్వ ఒక్క ఉదుటున దాన్ని లాక్కుంది. బైరన్న చీరకొంగు బిగించి, ద్రాక్షతీగతో అతని చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు. అతను ఏమీ ఎదురు చెప్పలేదు. రూపం మార్చుకోవడం ఎలాగో కూడా మరిచిపోయినట్టున్నాడు. డిండిముడి బూరెబుగ్గల ముఖంతో, డిండిముడి అమాయకపు కళ్ళతో యువరాజును చూసి, "అయ్యా, నేనెవరినండీ?" అని అడిగాడు.

"నా స్నేహితుణ్ణి ఎక్కడ దాచావు?"

"స్నేహితుడంటే ఎవరండీ?"

ఉదయసేనుడు భుజాలు పట్టి ఊపాడు, బతిమాలాడు, కత్తి చూపించాడు. ఆ ముఖంలో బిక్కచూపులు తప్ప ఏమీ లేవు. పడమటి మెట్టుమీద ఎండ ఎర్రబడింది.

అందరి చూపూ చెంగల్వ చేతిలోని జాడీమీదికి పోయింది.

"సగం వీడికి పోసి, సగం నాన్నగారికి తీసుకెళ్తే?" అన్నాడు ఉదయసేనుడు.

"మూత తీశాక మిగిలింది దారిలోనే చచ్చిపోతుంది. పైగా సగం తాగితే సగమే గుర్తొస్తుంది. ఏ సగమో చెప్పలేం. మొత్తం పోస్తే వీడి మంత్రాలూ తిరిగొస్తాయి," అంది చెంగల్వ.

"కొత్తది?"

"అమావాస్య దాటాకే పొంగు ఆగేది." ఆమె జాడీని గుండెలకు హత్తుకుంది. "మీ నాన్నగారు మహారాజు, బాబూ. రాజ్యమంతా ఆయన కోసం చూస్తోంది."

ఉదయసేనుడికి దుఃఖం పొంగుకొచ్చింది. ఏది చేసినా పాపమే. ఏది చేసినా జీవితాంతం నిద్ర పట్టదు. తండ్రి తనను మరిచిపోయినా బతికే ఉంటాడు. ఆకలేస్తే పెట్టేవాళ్ళు ఉంటారు. డిండిముడు ఏ చీకట్లోనో, వస్తాడు వస్తాడు అనుకుంటూ ఎదురుచూస్తూ ఉంటాడు.

"ఇటివ్వు," అన్నాడు.

జాడీ తీసుకుని పంటితో మైనం పెకిలించాడు. పైమెట్టు వాసన పెరడంతా కమ్మేసింది. బైరన్న, మాచమ్మ చెరోపక్క కర్రలు పట్టుకుని నిలబడ్డారు. "నోరు తెరువు," అన్నాడు ఉదయసేనుడు. దాహంగా ఉన్న పసివాడిలా మాంత్రికుడు గుటగుటా మొత్తం తాగేశాడు.

కళ్ళల్లో ఒక్కొక్కటే తిరిగొచ్చింది. మొదట తెలివి, తర్వాత పగ, ఆ తర్వాత పొగ. ధూమకంఠుడు ఖాళీ జాడీని చూశాడు. మెడమీద ఆనిన కత్తిని చూశాడు. యువరాజు ముఖం చూశాడు. లోకంలో అందరినీ తికమకపెట్టినవాడు మొదటిసారి తాను తికమకపడ్డాడు.

"ఇది మీ నాన్న మందు కదా," అన్నాడు నెమ్మదిగా. "నాకెందుకు పోశావు?"

"నువ్వు అడిగే వంతు అయిపోయింది," అన్నాడు ఉదయసేనుడు కత్తి మరికాస్త నొక్కి. "పొద్దు గుంకుతోంది. డిండిముడెక్కడ?"